తాగని మైసన్నకు తాగుబోతు పేరు

ఎల్లారెడ్డిలో మిలిటరీ మైసన్న ఇల్లెక్కడ అని అడిగితే, దారి చెప్పేవాడు ముందు కన్ను గీటుతాడు. "సీసా కోసమా?" అంటాడు. సైన్యంలో చేసి వచ్చినవాళ్లకు క్యాంటీన్‌లో నెలనెలా మందు చవగ్గా దొరుకుతుందని ఊరందరికీ తెలుసు. మైసన్న తన వాటా తెచ్చి చుట్టాలకూ పక్కాలకూ పంచేస్తాడు. తాను మాత్రం చుక్క ముట్టడు. ఈ చివరి ముక్క ఊళ్లో ఒక్కడంటే ఒక్కడు నమ్మడు. తేనె తీసేవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా అని వాళ్ల వాదన.

వాళ్లను అనీ లాభం లేదు, కళ్లారా చూశారు కదా. ఒకసారి వినాయక నిమజ్జనం ఊరేగింపులో ఎవడో పెద్ద లక్ష్మీబాంబు పేల్చాడు. మరుక్షణం మైసన్న ట్రాక్టరు ట్రాలీ కింద బోర్లా పడుకుని ఉన్నాడు. ఊరికే పడుకోలేదు, పక్కన నిలబడి తమాషా చూస్తున్న కిరాణా కొట్టు సలీమ్‌ను కూడా మెడ పట్టి కిందకు లాగాడు. సలీమ్ తెల్ల లాల్చీ బురదలో నాని ఎందుకూ పనికిరాకుండా పోయింది. జనం పడీ పడీ నవ్వారు.

"నషా ఎక్కువైంది అన్నకు. లేవు మైసన్నా, లేవు," అంటూ సలీమే లేపి ఇంటి దాకా తీసుకువచ్చాడు. పాపం, ఒక్క మాట తూలలేదు.

ఇంటికొచ్చాక భూమక్క మొగుడి చొక్కా విప్పుతూ ఏడ్చింది. "తాగలేదని జెప్పరాదూ! నలుగురి ముంగట తాగుబోతు పేరెందుకు మోస్తవ్?"

"ఊకోయే," అన్నాడు మైసన్న. "తాగినోడంటే నవ్వుతరు, తెల్లారి మరుస్తరు. పిచ్చోడంటే మరుస్తరా? రేపు బిడ్డకు సంబంధం ఎవడు దెస్తడు?"

అదీ ఆయన లెక్క. కార్గిల్ కొండల్లో ఫిరంగుల దగ్గర చేసినవాడు. అక్కడి నుంచి రెండు వస్తువులు తెచ్చుకున్నాడు. ఒకటి, ఏమీ వినపడని ఎడమ చెవి. రెండోది, ఎక్కడ ఢామ్మన్నా మనసుతో పని లేకుండా నేల మీద పడిపోయే ఒళ్లు. ఒక చెవే పనిచేస్తుంది కాబట్టి చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. తెలియక అన్ని దిక్కులూ శత్రువులే అవుతాయి. ఇంతకీ ఆయన ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఏమిటంటారా? బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడటం. ఆ తుపాకీ ఇన్నేళ్లలో ఒక్కసారి పేలలేదు, దానికి వెయ్యి దండాలు. మక్కచేలల్లో కోతులను తరమడానికి రైతులు పటాకులు పేల్చే రోజుల్లో మాత్రం ఆయన ఊరి బయటికి అడుగు పెట్టడు. ఏదైనా పని పడితే నడుము పట్టేసిందంటాడు.

భూమక్క పట్టువదలని మనిషి. కాళ్లావేళ్లా పడి, చివరికి అన్నం మానేస్తానని బెదిరించి, మాజీ సైనికుల దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ కృపాజ్యోతి అంతా విని, మైసన్న ఎదురుచూసినట్టు జాలి పడలేదు.

"ఇది పిచ్చి కాదు మైసన్న గారూ. యుద్ధం చూసొచ్చిన చాలామందికి ఉండేదే. మోకాలికి దెబ్బ తగిలితే కుంటుతారు, ఇదీ అంతే," అంది. మాత్రలు రాసింది. ఊపిరి మెల్లగా వదలడం నేర్పింది. వచ్చేముందు ఒక మాట చెప్పింది. "చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పి పెట్టుకోండి. సగం మందు అదే."

మైసన్న మాత్రలు వేసుకున్నాడు. కలలు తగ్గాయి, నిద్ర పట్టింది, భూమక్క ఒళ్లు చేసింది. ఆ మిగిలిన సగం మందు మాత్రం ఆయన నోట పడలేదు. చెప్పుకోవడం అనేసరికి, కార్గిల్ కొండలెక్కిన మనిషి మాట మార్చేసేవాడు.

ఇంతలో బిడ్డ సుధారాణికి బీర్కూర్ సంబంధం వచ్చింది. పిల్లవాడు బంగారం. పిల్లవాడి తండ్రి గంగారాం మాత్రం నిప్పు. మెడలో తులసిమాల, ఏటేటా పండరిపురం నడక, ఇంట్లో పొద్దునా మాపునా భజన. మందు వాసన వస్తే ఆ వీధి దాటి పక్క వీధిలో నడిచే మనిషి. కట్నం మాట ఎత్తలేదు కానీ, ఒక్క షరతు పెట్టాడు.

"బావా, నీ గురించి ఎల్లారెడ్డిల అడిగిన. జర తాగుతడన్నరు. పెండ్లిల తాగి పడితె మాత్రం మా బస్సు అట్లనే ఎనుకకు మల్లుతది."

మైసన్న నెత్తిన పిడుగు పడింది. "తాగ బావా, మా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు. నిజమే చెప్పాడు. అయితేనేం, ఇన్నాళ్లూ కాపాడిన తాగుబోతు పేరే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది. తాను పడితే తాగినట్టే, తాగలేదంటే పిచ్చి ఉన్నట్టే. ఆ రాత్రి నుంచి భూమక్క ఆయన చెవిలో జోరీగలా పోరింది, ముందే చెప్పెయ్యమని. చెప్తా చెప్తా అంటూనే పెళ్లి నాటికి వచ్చాడు. తన తరఫున ఒక్క పటాకీ కొననివ్వలేదు, వాద్యాల వాళ్లకు కూడా గట్టిగా చెప్పాడు. మగపెళ్లివారి సంచుల్లో ఏముంటుందో ఆయన చేతుల్లో లేదు కదా.

పొద్దున్నే బీర్కూర్ బస్సు ఫంక్షన్ హాలు ముందు ఆగింది. ఎదురుకోళ్లకు అంతా సిద్ధం. మా దిక్కు ఎదురుకోళ్లంటే తెలుసు కదా, రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి గులాల్ చల్లుకోవడం, వియ్యంకులు అలాయ్ బలాయ్ అని కౌగిలించుకోవడం, వచ్చినవాళ్లకు బెల్లం పానకం పోయడం. ఇత్తడి బిందెల నిండా యాలకుల పానకం ఘుమఘుమలాడుతోంది. కొత్త పట్టుపంచెలో మైసన్న చేతిలో దండతో ముందుకు నడిచాడు. గంగారాం చేతులు చాపాడు. వాళ్లిద్దరి నడుమ నాలుగడుగుల దూరం ఉండగా, బస్సు వెనక నుంచి పెళ్లికొడుకు స్నేహితులు పదివేల వాలా పటాకుల సరం ముట్టించారు.

దండ ఒకవైపు, మైసన్న ఒకవైపు. నేల మీద బోర్లా, చేతులు తల మీద. మేళం ఆగింది. పటాకుల దండ మాత్రం ఆగలేదు, తీరికగా చివరి దాకా పేలింది.

అప్పుడు సలీమ్ ముందుకొచ్చాడు. స్నేహితుణ్ణి ఆదుకోవాలని, కడుపునిండా ప్రేమతో నిండా ముంచాడు. "ఏం గాలె సేట్, ఏం గాలె! బిడ్డ పెండ్లి ఖుషీల జరంత ఎక్కువ దీస్కున్నడు, గంతే!"

గంగారాం ముఖం కందగడ్డ అయింది. "బస్సెక్కుండ్రి," అన్నాడు తనవాళ్లతో. హాలు గుమ్మంలో బాసికం కట్టుకుని నిలబడ్డ సుధారాణి పరుగున వచ్చి తండ్రి పక్కన కూలబడింది. "బాపూ, జెప్పు బాపూ. ఇయ్యాలన్న జెప్పు," అంది. పెళ్లికూతురు దుమ్ములో కూర్చోకూడదని ఎవరో అరిచారు. ఆమె వినలేదు. బిడ్డకు తెలుసన్న సంగతి మైసన్నకు అప్పుడే తెలిసింది.

ఆయన మోచేతుల మీద లేచాడు. పూర్తిగా లేవడానికి కాళ్లు రాలేదు. కూర్చునే చెప్పాడు.

"బావా, నా నోరు వాసన జూడు. చుక్క ముట్టలె. ఎన్నడు ముట్టలె. కార్గిల్‌ల నా దోస్తు దేవరాజ్ నాకు చాయ్ పోస్తుండె. గిలాస నా చేతిలకు రాకముందే ఢామ్మని పడ్డది. చాయ్ లేదు, దేవరాజ్ లేడు. నేనొక్కన్నే మిగిలిన. అప్పటిసంది ఢామ్మంటే చాలు, గీ ఒళ్లు నా మాట ఇనది. దీనికి దవాఖానల మందు మింగుతున్న. తాగుబోతంటే పడ్డ గాని, పిచ్చోడంటరని భయపడి ఎవ్వలకు జెప్పలె. గిదే నా తప్పు. బిడ్డది ఏం తప్పు లేదు."

సలీమ్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు, ట్రాలీ కింద తన మెడ పట్టి లాగిన చెయ్యి ఎందుకు లాగిందో ఇన్నేళ్లకు తెలిసి. ఆ రోజు సలీమ్ ప్రాణం కాపాడుతున్నాననుకున్నాడు ఆ పిచ్చి స్నేహితుడు.

గంగారాం వంగాడు. నిజంగానే మైసన్న నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత లేచి నిలబడి చుట్టూ చూశాడు. బస్సు మెట్ల దగ్గర ఇంకా రెండు సంచుల నిండా పటాకులున్నాయి, రాత్రి బరాత్ ఊరేగింపు కోసం తెచ్చినవి. ఆయన గబగబా నడిచి పానకం బిందె ఒకటి ఎత్తాడు. ఏం చేయబోతున్నాడో ఎవరికీ అర్థమయ్యేలోపు మొదటి సంచిలో గుమ్మరించాడు. రెండో బిందె రెండో సంచిలో. ఒక పిలగాడు "అయ్యో, పెద్దబాపూ!" అన్నాడు.

"నోరు ముయ్యి. ఒక్క పటాక మోగినా నీ వీపు మోగుతది," అన్నాడు గంగారాం.

తరువాత వచ్చి మైసన్న ముందు మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, తెల్ల పంచె పాడవుతుందని కూడా చూసుకోలేదు. వియ్యంకుణ్ణి రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. "నువ్వు లేశేదాంక నేను గీడనే కూసుంట బావా. తొందరేం లేదు," అన్నాడు.

మగపెళ్లివారికి ఆ రోజు పానకం అందలేదు.