ప్రింటర్ తగిలించబోయి పోగొట్టిన పాటలు

2023 వానాకాలం. దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఉన్న నా రిపేరు షాపుకు మొఘల్‌పురా నుంచి యాదమ్మ వచ్చింది. పాల వ్యాపారం చేసే ఇంటి మనిషి, వయసు అరవై దాటింది. సంచిలోంచి ఒక పాత హోమ్ కంప్యూటర్, ఒక క్యాసెట్ తీసి బల్లమీద పెట్టింది.

“మా అన్న టైపు కొట్టిండు బిడ్డా. మా అమ్మ బర్రెలు పిండుకుంట పాడే పాటలు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాకు మొదటి ముక్కలే యాదికున్నయ్. కాయిదం మీద తీసియ్యి, మనవరాలితోని చదివిచ్చుకుంట.”

“ఫికర్ చెయ్యకమ్మా,” అన్నాను. పాత మెషీన్లంటే నాకు పిచ్చి. దీనికి ప్రింటర్ కలిపానని నలుగురికీ చెప్పుకోవాలన్న యావ కూడా ఉండింది.

ఈ మెషీన్‌కు డిస్కు లేదు. క్యాసెట్‌ను టేప్ రికార్డర్‌లో తిప్పితే అందులోది మెమరీలోకి ఎక్కి టీవీ మీద కనిపిస్తుంది. కరెంటు తీస్తే మెమరీ ఖాళీ. అరిగిన టేపు ఆరుసార్లు మొరాయించి ఏడోసారి లోడయింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాటలు. మొదటిది పైకి చదివాను. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“గదే! గదే బిడ్డా!”

నా కళ్లు అప్పటికే ఇంటర్‌ఫేస్ మీద ఉన్నాయి. కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె అది. కరెంటు ఉండగా తగిలిస్తే బోర్డు కాలిపోతుంది. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి పోయి స్విచ్ ఆపేసింది. తెర నల్లబడింది, మెమరీలోని పాటలన్నీ పోయాయి. ముందు ప్రింటర్ తగిలించి, తర్వాత టేపు ఎక్కించాల్సింది. తెలిసీ తెలిసీ ఆ వరుస తప్పాను.

“ఏం కాదమ్మా, మళ్లీ ఎక్కిస్తా,” అన్నాను. ఈసారి టేపు రికార్డర్‌లో చుట్టుకుని తెగింది. అతికించి ఎన్నిసార్లు తిప్పినా ఎక్కలేదు. ప్రింటర్ మాత్రం భేషుగ్గా కలిసింది. టెస్టు పేజీ గరగరా కొట్టి ఇచ్చింది. ఆ చప్పుడు వింటూ సిగ్గుతో చచ్చిపోయాను.

యాదమ్మ లొల్లి చేయలేదు. “పోనియ్యి బిడ్డా. ఏడుపుల నాకు సక్కగ ఇనవడలే. నువ్వు చదివినవ్ గద, నీకు యాదున్నంత చెప్పు. గదే పాడుకుంట.”

నోరు తెరిచాను. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ధ్యాసంతా వైరు మీద పెట్టుకుని చదివానాయె.

ఇప్పుడు పాత మెషీన్ తెర మీద ఏది కనబడ్డా ముందు ఫోటో తీస్తాను, ఆ తర్వాతే వైరు ముట్టుకుంటాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. ఆ రోజు కూడా ఫోను నా జేబులోనే ఉంది.