పక్కతోట మామ్మ తిట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పక్కతోట మామ్మని తిట్టుకోని పూట ఉండేది కాదు. ఉద్దానంలో మా జీడితోటకీ ఆవిడ తోటకీ మధ్య ఒక గట్టు. అది మాదని మా నాన్న, కాదు తనదని ఆవిడ. టెక్కలి కోర్టుకెక్కారు. అక్కడ తేలక కర్రలు పట్టారు. ఆ కొట్లాటలో ఆవిడ కొడుకు మా నాన్న చెయ్యి విరగ్గొట్టాడు. ఆవిడ ఎదురుపడితే మా అమ్మ నేలమీద ఉమ్మేది. ఎనిమిదేళ్ళ నాకు ఆవిడ చేసిన అపకారం ఏదీ లేదు. అయినా మా పెద్దవాళ్ళు అన్నంతోపాటు ఆ పగ కూడా వడ్డించారు, నేను తిన్నాను.

నాన్న చేతికి కట్టుతో మంచం మీదున్న ఆ వేసవిలో ఒక పొద్దున గట్టు దాటాను. ఆవిడ తోటలో రాలిన పళ్ళకున్న జీడిపిక్కలు ఒలిచి ఒళ్ళో వేసుకున్నాను. మాకు పిక్కలు లేక కాదు, కసికొద్దీ. నాలుగు చెట్ల అవతల ఒంగుని ఏరుకుంటున్న మామ్మ నన్ను చూడనే చూసింది.

"ఎవర్తివే? ఆ సచ్చినోడి కూతురివి కాదూ! నీ సేతులిరిగిపోను!"

కొడదామని రాయి తీశాను. అప్పుడే పక్కన ఆకులు గలగలమన్నాయి. ముగ్గిన పళ్ళ వాసనకి వచ్చిన ఎలుగుబంటి. పది అడుగుల దూరంలో వెనక కాళ్ళ మీద నిలబడి నాకేసే చూస్తోంది. ఎలుగు గీరేసిన మనిషి ముఖం మా ఊళ్ళో చూసినదాన్నే. పారిపోదామని కాలు ఎత్తాను.

మామ్మ గొంతు పెరగలేదు, తగ్గలేదు. తిట్లు ఆగలేదు. అదే రాగంలో వాటి మధ్యకి వేరే మాటలు వచ్చి చేరాయి.

"మీ తాత దొంగ, మీ అయ్య దొంగ, పరిగెత్తకే, రాయి కిందెట్టు, ఒంగో, పిక్కలేరు, దానికేసి సూడకు, మీ వంశం మాడిపోను, ఏరతా ఏరతా ఇటు రా..."

ఆవిడ చేతులూ ఆగలేదు. పండు తీయడం, పిక్క మెలితిప్పి బుట్టలో వెయ్యడం. ధైర్యం చూపిస్తున్న మనిషిలా లేదు. పిక్కలేరుకుంటున్న ముసలమ్మ పిక్కలేరుకుంటోంది, అంతే. నేనూ ఒంగాను. ఒక పిక్క, ఒక అడుగు. ఆ తిట్లు ఎటు వినిపిస్తే అటు నడిచాను. ఎలుగు నాలుగు కాళ్ళ మీదకి దిగి, రాలిన పళ్ళు చప్పరిస్తూ తిని, మొగలిపొదల్లోకి వెళ్ళిపోయింది.

దగ్గరికి చేరాక మామ్మ నన్ను ముట్టుకోలేదు. భయపడ్డావా అని అడగలేదు. నా ఒళ్ళో పిక్కలన్నీ తన బుట్టలో దులిపేసుకుని, నెత్తిమీద ఒక మొట్టికాయ వేసింది.

"ఇయి మాయి. ఎల్లు."

సంగతి విని మా అమ్మ ఏడ్చింది. సాయంత్రం పౌరుషం చంపుకుని, గెలలోంచి కోసిన అరటిపళ్ళ అత్తం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వెళ్ళింది. మామ్మ ఆ అత్తం తీసి వీధిలోకి విసిరేసింది.

"నీ కూతుర్ని నానేటి కాపాడినాను? నా పిక్కలు నానేరుకున్నాను. గట్టు మాదే. పో."

మేము తిట్టుకుంటూ ఇంటికొచ్చాం. ఆవిడ పోయేదాకా దావా నడిచింది. చావుకి మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళలేదు.

ఒక్క మంచిమాట అనుంటే ఏం పోయిందని చాలా ఏళ్ళు ఆవిడ మీద కోపంగానే ఉన్నాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ క్షణాన ఆవిడ నన్ను కాపాడాలని అనుకుని ఉంటే అరిచేది, పరిగెత్తుకొచ్చేది. ఇద్దరం పోయేవాళ్ళం. ఆవిడ ఏమీ అనుకోలేదు. చేతిలో ఉన్న పని చేతిలోనే ఉంచుకుంది.

ఇప్పుడు మా ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి తీసుకొస్తాను. మొదట్లో ఆయన్ని ఎలాగైనా బతికించుకోవాలని పళ్ళు బిగించి పరుగులు పెట్టేదాన్ని. నాలుగు నెలల్లో నేనే మంచం పట్టాను. లేచాక, మామ్మ పిక్కలేరడం గుర్తొచ్చి, ఆ బిగింపు వదిలేశాను. చుట్టాలొచ్చి నీ ఓపిక గొప్పదమ్మా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున లేస్తాను, గంజి కాస్తాను, ఆయనకి చొక్కా తొడుగుతాను, ఆటో పిలుస్తాను.