ఇరవై అడుగుల వాటా

పెళ్లి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అంటారు. మా అమ్మకు ఆ రెండో కష్టం పడే భాగ్యం కూడా దక్కలేదు. ఎందుకు దక్కలేదో ఇన్నేళ్లలో మా ఇంట్లో ఒక్కరూ నోరు తెరిచి అనలేదు. నేనే అంటాను. వినాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు గనక ధైర్యం వచ్చింది, అంతే.

డెబ్బైల మొదట్లో సంగతి. నాందేడ్ బజారులో మాది కిరాణా దుకాణం. దుకాణం వెనక గదుల్లో మేమూ, మా పెద్దబాపు సంసారమూ కలిసి ఉండేవాళ్లం. బాపు అంటే నాన్న, పెద్దబాపు ఆయనకు పెద్దన్న. ఆ ఇద్దరి నడిమివాడు నడిపాయన మా జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్‌లో పత్తి వ్యాపారం చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డాడు. మా ఇంట్లో పొయ్యి పెద్దమ్మది, తాళాలు పెద్దమ్మవి. మా అమ్మ పద్దెనిమిదేళ్లు మిరపకాయల బస్తాల పక్కన పడుకుని తుమ్ముతూ లేచింది. ఆమె కోరిక ఒక్కటే. తన పొయ్యి, తన తలుపు. ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు తియ్యాలో తానే చెప్పుకునే తలుపు.

మా తాత నాయ్‌గావ్ పోయే సడక్ పక్కన ఒక ఇంటి జాగా కొనిపెట్టి పోయాడు. సడక్ మీద అరవై అడుగుల వెడల్పు, లోపలికి దానికి రెట్టింపు. తాత పోయాక అన్నదమ్ములు ముగ్గురూ దాన్ని పంచుకున్నారు. దుకాణదారులు ఎట్లా పంచుకుంటారో అట్లాగే పంచుకున్నారు. మావాళ్లకు జాగా అంటే సడక్ మొకం. లోపల ఎంత భూమి ఉన్నా ఒకటే, గిరాకీ నడిచే వైపు నాకెంత అన్నదే ప్రశ్న. నలుగురు పెద్దమనుషులు వచ్చి తాడు పట్టారు. ముందున్న అరవై అడుగుల్ని మూడు ఇరవైలు చేసి వెనకదాకా సున్నంతో గీతలు గీశారు. చీటీలు వేస్తే మాకు నడుమ పట్టీ వచ్చింది. ఒక పక్క పెద్దబాపు, ఇంకో పక్క నడిపాయన. వాటా కాగితం ఉర్దూలో రాసుకున్నారు. మా బాపువాళ్లు చదివింది నిజాం కాలపు బడిలో. మరాఠీలో బేరమాడతారు, తిడతారు, పెళ్లిళ్లు కుదురుస్తారు, చదవడం మాత్రం రాదు. నగరపాలికను ఒక మాట అడుగుదామని ఒక్కడికీ తోచలేదు. తండ్రి జాగా కొడుకులు పంచుకుంటే నడుమ ఆఫీసు ఎందుకు? అందరూ కడుపునిండా తిని, వెంట్రుకవాసి తేడా లేకుండా పంచామని మురిసిపోతూ వెళ్లారు.

ఏడాది తిరిగాక బాపు ఇంటి నక్షా గీయించి నగరపాలికకు పోయాడు. కాగితాలు చదవడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. నేనప్పుడు మెట్రిక్. బడిలో మరాఠీలో నన్ను మించినవాళ్లు లేరు. ఆ పొగరు కళ్లకెక్కి ఉండేది.

క్లార్కు మంచివాడే. నక్షా చూసి, వాటా కాగితం అటూ ఇటూ తిప్పి, తల కొట్టుకున్నాడు.

"శేట్‌జీ, ఆధీ పర్వానగీ ఘ్యాయ్‌చీ హోతీ." పంచుకునే ముందే పర్వానగీ, అంటే ఆఫీసు అనుమతి, తీసుకోవాల్సిందట.

"మా బాపు జాగ సాబ్! గిందుల సర్కారుకు ఏం పని?" అని బాపు తెలుగూ మరాఠీ కలిపి కొట్లాడాడు.

క్లార్కు ఓపికగా చెప్పాడు. ఇళ్ల జాగాను ముక్కలు చేస్తే ఆ ముక్కల నక్షా మంజూరు కావాలి. ఇరవై అడుగుల ముక్క చాలదు. దాంట్లో రెండు పక్కలా గాలికి జాగా వదలమంటారు. వదిలాక మిగిలే దాంట్లో మంచం అడ్డంగా పడదు. అయినా దారి ఉందన్నాడు. ముగ్గురూ కలిసి దరఖాస్తు పెట్టి మళ్లీ పంచుకోవాలి. ముందు రెండు ప్లాట్లు, వెనక ఒకటి, వెనకదానికి పోవడానికి పక్కనుంచి ఒక బాట. ముగ్గురి సంతకాలు ఉంటే పని అయిపోతుంది. నియమాలన్నీ ఒక కాగితం మీద రాసి నా చేతికిచ్చాడు.

బయటికొచ్చాక బాపు మొహం విప్పారింది. "నాకు ఎనకదే ఇయ్యనీ బిడ్డా. మీ అమ్మకు సడక్ ఎందుకు? తలుపుంటె సాలు."

ఆ సాయంత్రం బాపు గోదాముకు పోయినప్పుడు పెద్దబాపు దుకాణంలో తాను కూర్చునే గద్దె దగ్గరికి నన్ను పిలిచాడు.

"ఆఫీసుల ఏమన్నరు? కాయితం తే, సదువు."

చదివాను. సంతకాల మాట చదివాను, బాట మాట చదివాను. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. చివర ఒక వాక్యం ఉంది. ఇట్లాంటి సన్న ముక్కను బయటివాడు కొన్నా వాడికీ పర్వానగీ రాదు, పక్క ముక్కతో కలిపితేనే వస్తుంది.

"ఆఖరిది మల్ల సదువు," అన్నాడు.

మళ్లీ చదివాను.

"తెలుగుల చెప్పు."

బడిలో పంతులుకు అప్పజెప్పినట్టు విడమరిచి చెప్పాను.

"శాబాష్ బిడ్డా! వకీలు అయితవు నువ్వు," అని డబ్బాలోంచి ఖర్జూరాలు తీసి గుప్పిట్లో పోశాడు. తిన్నాను కూడా. సిగ్గులేని దాన్ని, గింజలు చీకి మరీ తిన్నాను.

మర్నాడు బాపు సంతకం అడిగితే పెద్దబాపు పెద్దమనిషి అయిపోయాడు. "నలుగురు గూసోని చేసిన వాటా. నేను మాట తప్ప. సడక్ మొకం ఇడిసి నీకు బాట ఇయ్యాల్నా?" హిమాయత్‌నగర్ పోయి అడిగితే నడిపాయన, "అన్న పెడ్తె నేను పెడ్త," అన్నాడు. ఆయనకేం, ఇల్లుంది.

అమ్ముదామంటే కొనేవాళ్లు వచ్చారు, నగరపాలికలో అడిగారు, మళ్లీ మొహం చూపించలేదు. అమ్మ మాత్రం పసిగట్టింది. "మీ అన్న గోతికాడ నక్క తీరు కూసున్నడు. ఏమన్న గానీ, ఆయనకు అమ్మకుండ్రి," అని బాపు కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

బాపు రెండేళ్లు ఆగాడు. అప్పుడు పెద్దబాపు, "కోడలు అస్తున్నది తమ్మీ, గదులు సాలయి, మీరు ఏడనన్న సూసుకోండ్రి," అన్నాడు. మేం ఒక సందులో కిరాయి ఇంటికి మారాం. మా నడుమ పట్టీ ఆయన చెప్పిన ధరకు ఆయనకే పోయింది. ఇరవైకి ఇరవై కలిస్తే నలభై. పర్వానగీ చకచకా వచ్చింది. మా జాగా మీద ఆయన వంటిల్లు లేచింది.

గృహప్రవేశానికి అమ్మ రానంది. బాపు బతిమాలితే వచ్చింది. తోడికోడలు గనక వడ్డించక తప్పలేదు. బంతి మధ్యలో పెద్దబాపు నన్ను చూపించి చుట్టాలతో గట్టిగా అన్నాడు, "గీ ఇల్లు గీ పోరి పుణ్యమే. కానూన్ అంత సదివి ఇడమర్సి చెప్పింది. లేకుంటె నాకేం ఎరుక?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నావైపు చూసింది. తర్వాత పక్క విస్తరికి జరిగి వడ్డించింది.

ఇంటికొచ్చాక అడిగింది. "నువ్వు సదివినవా?"

"సదివిన."

"మొత్తం?"

"మొత్తం."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఎంత బాగుండేది కొడితే! ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి పోయింది.

వారం తర్వాత కర్ఖేలి నుంచి మేనమామ కార్డు రాశాడు. అమ్మకు చదువు రాదు. ఆమె పుట్టింటి ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేదాన్ని. ఆ రోజు నేను గడపలో కూర్చుని ఉన్నాను, కార్డు కోసం చెయ్యి కూడా చాపాను. అమ్మ నన్ను దాటుకుని, ఎదురింటి మరాఠీ ఆవిడ దగ్గరికి పోయింది. ఆవిడ తనకు తెలుగు చదవడం రాదంటే, ఆ పక్కింటికి పోయింది.