నువ్వుచేను పురుగులు

మనవరాలి పుస్తకంలో ఒక చిమ్మట బొమ్మ చూశాను. పసుపు పొట్ట, వీపు మీద పుర్రెలాంటి మచ్చ. మన దేశంలో నువ్వుచేలున్న చోట కనిపిస్తుందనీ, ముట్టుకుంటే కీచుమంటుందనీ రాశారు.

ఎల్లారెడ్డి దగ్గరి మా ఊళ్ళో గత్తరకు, అంటే కలరాకు, చెల్లె పోయిన వానకాలం, దీపం పెట్టగానే అది వచ్చి గోడ మీద వాలింది. నేను కొట్టబోతే చంటిపిల్లలా కీచుమంది. అవ్వ, అంటే మా అమ్మ, నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు బిడ్డా. చెల్లె మనల్ని చూడవచ్చింది."

మా నాన్న, బాపు, గడపలో నిలబడి ఆ చిమ్మటనే చూస్తున్నాడు.

ఏటా బాపు నువ్వుచేలో తోక మీద కొమ్మున్న పచ్చపురుగులను ఏరి చెప్పుతో నలిపేవాడు. ఆ ఏడు ఒక్కటీ ఏరలేదు. నేను ఏరబోతే వద్దన్నాడు.

"పంట పోతది గదా బాపూ."

"పోనియ్యి."

చెల్లె పోయాక బాపుకు చేను మీద మనసు విరిగిందనుకున్నాను. చేనంతా మోళ్ళే మిగిలాయి. సందెవేళ చిమ్మటలు మాత్రం వస్తూనే ఉండేవి. అవ్వ ప్రతిదాన్నీ చెల్లె పేరుతో పిలిచి పలకరించేది.

పుస్తకంలో చిమ్మట పక్కనే దాని పిల్లపురుగు బొమ్మ ఉంది. పచ్చగా, తోక మీద కొమ్ముతో.

బాపుకు ఆ సంగతి తెలుసు. అవ్వకు ఎన్నడూ చెప్పలేదు.