పాట చివర కత్తిరించిన మాట

ఏడేళ్ళుగా ఒక అబద్ధం నా గుండెల మీద కుంపటిలా ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. శనివారం సింధు మా ఇంటికి వస్తోంది. ఆలోగా ఈ మాట ఒక్కసారైనా నాలోంచి బయటికి రావాలి. లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

మాది ముగ్గురి బ్యాండ్. సింధు రాసేది, పాడేది. రోహిత్ గిటార్ వాయిస్తూ తనూ పాడేవాడు. నేను డ్రమ్స్. తెలుగులో రాక్ పాటలు, అదీ కెనడాలో! మొదటి ఆల్బమ్ మా చుట్టాలు విన్నారు, అదీ మొహమాటానికి. నేను వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసేవాణ్ణి. మిగిలిన టైమంతా మా బేస్‌మెంట్‌లో రికార్డింగ్. రెండోది కూడా ఇలాగే పోతే నా బతుకు ఆ పెట్టెల మధ్యే తెల్లారిపోతుందని భయపడేవాణ్ణి. అవును, అప్పుడూ భయమే.

రెండో ఆల్బమ్ మొదలయ్యేసరికి సింధుకీ రోహిత్‌కీ చెడింది. నాలుగేళ్ళ ప్రేమ. అతనికి ఎక్కడో దూరాన ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్ళాలా వద్దా అన్న దగ్గర మొదలైన గొడవ ఎక్కడెక్కడికో పోయింది. ఆమె అతని నంబర్ బ్లాక్ చేసింది. ఒకే గదిలో ఉండనంది. పాటలు మాత్రం ఆపలేదు. ఆ గొడవలూ, ఆ అలకలూ, ఆ ఏడుపులూ అన్నీ పాటలయ్యాయి. ఎంత బాగా వచ్చాయో ఏం చెప్పను! తాము మళ్ళీ కలిసిపోతే వీటిని పాడటం తన వల్ల కాదని ఆమె ఒకసారి అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది.

అతనొక రోజు, ఆమె మరో రోజు వచ్చి రికార్డ్ చేసేవారు. పాటకు ముందూ వెనకా ఉన్న దగ్గులూ కుర్చీ చప్పుళ్ళూ కత్తిరించి ఫైల్ ఆమెకు పంపడం నా పని. ఆమె ప్రతి ఫైలూ కళ్ళు మూసుకుని చివరిదాకా వింటుంది. అది రోహిత్‌కి తెలుసు.

చివరి పాట అతనొక్కడే పాడాడు. నేను పైన టీ పెడుతున్నాను. పాడేసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను కిందికి దిగి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పాట అయిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అతని గొంతు. “సింధూ, నువ్వు ఆగమంటే ఆగిపోతా. జాబ్ వద్దని మెయిల్ పెట్టేస్తా. సండే దాకా చూస్తా. నువ్వేం అనకపోతే ఇంకెప్పుడూ అడగను.”

హెడ్‌ఫోన్స్ తీసేశాను. ఆ తర్వాత ఇంకేమైనా ఉందేమోనని కూడా వినలేదు. స్క్రీన్ మీద ఆ మాటలకు ముందు గీత పెట్టి కత్తిరించాను. దగ్గు కత్తిరించినట్టే. ఫైల్ పంపేశాను.

నేను ఆమెను ప్రేమించానా? లేదు. ప్రేమించి ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. వాళ్ళు కలిస్తే నా ఆల్బమ్ పోతుంది, అంతే. ఛీ! ఇద్దరూ నన్ను అన్నా అని పిలిచేవాళ్ళు.

మర్నాడు సింధు ఫోన్ చేసింది.

“అన్నా, టేక్ చాలా బాగుంది. బట్ చివర్లో ఆ సైలెన్స్ మధ్యలో కట్ అయిందేంటి? వాడేమైనా అన్నాడా?”

“ఏం లేదురా. గిటార్ పెట్టేసి వెళ్ళిపోయాడు.”

“నథింగ్?”

“ఏం లేదు.”

రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నోరు తడబడకుండా చెప్పాను.

సోమవారం రోహిత్ ఎడ్మంటన్ వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆల్బమ్‌కు పేరొచ్చింది. తెలుగు రాని యూనివర్సిటీ పిల్లలు కూడా ఆ పాటలు పాడారు. చివరి పాట తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం అద్భుతమని ఒకాయన మెచ్చుకుంటే నేను థాంక్స్ చెప్పాను. ప్రతి షోలోనూ సింధు ఆ పాట ఎత్తుకునే ముందు, ఇది ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయినవాడిది అని చెబుతుంది. వెనక డ్రమ్స్ ముందు నేను తల వంచుకుని కూర్చుంటాను.

రోహిత్‌కి పెళ్ళయింది, ఒక పాప. సింధు ఒంటరిగానే ఉంది. ఇప్పుడు చెబితే రెండు చోట్లా నిప్పు పెట్టినట్టే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అది వాళ్ళ మీద జాలా? నా మీద నాకున్న జాలా?

పోయిన వారం ఆమె మెసేజ్ పెట్టింది. ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చేయిస్తుందట. కత్తిరించని అసలు రికార్డింగులన్నీ కావాలట. శనివారం వచ్చి అవి ఉన్న హార్డ్ డ్రైవ్ తీసుకెళ్తుందట. నేను కత్తిరించింది పంపిన కాపీలోనే. అసలుది అలాగే ఉంది. చెరిపేయడానికి ఇన్నేళ్ళూ ధైర్యం చాల్లేదు.

నిన్న మధ్యాహ్నం చెరిపేద్దామనే డ్రైవ్ పెట్టాను. వేలు బటన్ మీదే ఉంది. కానీ మొదటిసారి చివరిదాకా విన్నాను. ఆ మాటల తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కుర్చీ జరిగింది. మళ్ళీ అతనే, గొంతు తగ్గించి. “అన్నా, ఫస్ట్ నువ్వే వింటావని తెలుసు. తను నా కాల్ తీసుకోవట్లేదు. ఇది కట్ చెయ్యకుండా వినిపించు, ప్లీజ్. నీ మీదే ఆశ పెట్టుకున్నా.”

ఆ మాటలు పొరపాటున నా చేతికి చిక్కలేదు. అతనే నన్ను నమ్మి, నా చేతుల్లోనే పెట్టి వెళ్ళాడు.

చెరపలేదు. శనివారం ఆమె వచ్చినప్పుడు డ్రైవ్ ఇచ్చి నోరు విప్పి చెబుతానో, ఇచ్చేసి పిరికివాడిలా తలుపేసుకుంటానో నాకు తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. అతను ఒక్క మాట చెప్పకుండా పోలేదు. చెప్పాడు. కత్తిరించింది నేను.

రాసేశాను. భయం అలాగే ఉంది. కాస్త ఊపిరి మాత్రం ఆడుతోంది.