అప్పులస్వామి సంతకం

ఆ రోజుల్లో మెరిసే బూట్లు, చేతికో గడియారం, నోట్లో నాలుగు ఇంగ్లిషు ముక్కలు ఉంటే మనిషికి తెలివి ఉన్నట్టేనని నేను నిజంగానే నమ్మేవాణ్ణి. ఆ మూడూ నాకుండేవి. ఖిదిర్‌పూర్‌లో సరుకుల కాగితాలు నడిపే ఒక ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. మా నాన్న ఆ పక్కనే రేవులో ఓడల్లోకి సరుకెక్కించేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌కి వచ్చిన మా వాళ్లందరివీ ఒకే లైనులో రేవు క్వార్టర్లు. ఆ లైను మొత్తంలో బూట్లేసుకుని పనికెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే (ఆ సంగతి నిద్రపోతున్నవాళ్లకి కూడా తెలిసేలా టకటకమని నడిచేవాణ్ణి).

ఒక శనివారం మా వీధిలో మ్యూచువల్ ఫండ్ల గురించి సభ పెట్టారు. టీ, సింగాడా (అక్కడి సమోసా) ఉచితం. రెండో సింగాడా పూర్తయ్యేసరికి నేను ఆర్థిక నిపుణుణ్ణయిపోయాను. సభ పెట్టిన ఏజెంటు చలికాలంలో కూడా గొడుగు వదలడు కాబట్టి అందరం ఆయన్ని ఛాతా-దా అనేవాళ్లం, అంటే గొడుగన్న అని. ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, నెలనెలా వెయ్యి రూపాయలు కట్టమని నాన్నకి ఉపన్యాసమిచ్చాను. నాన్న ఉద్యోగం ఇంకో నాలుగేళ్లే ఉంది. అది అయిపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. సంత్రాగాఛిలో రెండు గదుల ఇల్లు తీసుకోవాలంటే అడ్వాన్సుకి డబ్బు కావాలి. అమ్మా నాన్నా నేనూ, మా ముగ్గురికీ తలదాచుకునే చోటు ఆ డబ్బుమీదే ఆధారపడి ఉంది.

"ఫండులో ఒక్కో యూనిట్ ధరని నావ్ అంటారు నాన్నా. అది రోజూ పైకీ కిందికీ అవుతుంటుంది" అని వివరించాను.

"నావా? ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదరా! నావ సంగతి నాకు తెల్దేటి?" అంటూ నాన్న వెంటనే కలం అడిగి, తన పేరు పూర్తిగా, తెలుగులో, ఒక్కో అక్షరం తూచినట్టు రాసి సంతకం పెట్టాడు. నాన్న పడవనుకుంటున్నాడని నాకు తెలుసు. సరిదిద్దలేదు. చదువులేనివాళ్లకి అంతకంటే ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. (ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.)

ఆదివారం పొద్దున్న ముడీ, అదే మరమరాలు, టీలో ముంచుకుని తింటూ నాన్న తప్పకుండా అడిగేవాడు, "నావ ఎలాగుందిరా?" అని. "తేలుతోంది నాన్నా" అనేవాణ్ణి. ఏడాది గడిచాక మార్కెట్ పడడం మొదలైంది. మూడు నెలలు వరసగా పడింది. నేను మాత్రం ఇంకా గట్టిగా, "బ్రహ్మాండంగా తేలుతోంది" అన్నాను. విచిత్రమేమిటంటే, నేనెంత గట్టిగా తేలుతోందంటే నాన్న మొహం అంత వాడిపోయేది. "ఇంకా తేలతానే ఉందా?" అని గొణిగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు. నా అబద్ధం కనిపెట్టేశాడనుకుని బూట్లు తొడుక్కుని బయటపడేవాణ్ణి.

సంత్రాగాఛి గదులు నా కళ్లముందే కూలిపోతున్నాయి. నాన్నకి నిజం చెప్పి "ఆపేద్దామా?" అని అడగొచ్చు. కానీ అలా అడిగితే నా బూట్ల చప్పుడు ఏమైపోతుంది? అందుకని కట్టడం ఆపి, ఉన్నదంతా వెనక్కి తీసేసుకునే ఫారం తెచ్చి, నాన్న సంతకం నేనే పెట్టేశాను. ఎన్ని సాకులు చెప్పుకున్నా అది దొంగసంతకమే.

అయితే దొంగతనానికైనా చదువుండాలి. నేను చదివింది బెంగాలీ బడి. చూడకుండా రాయగలిగిన తెలుగు మాట నాకు ఒకే ఒక్కటుంది. మా లైను చివరి కిరాణా కొట్టు గోడమీద పుట్టినప్పట్నుంచీ చూస్తున్న "అప్పు రేపు".

ఫారం ఇచ్చిన వారానికి, ఆదివారం పొద్దున్నే ఛాతా-దా గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చాడు. చేతిలో నా ఫారం ఉంది.

"కాకు, మీ సంతకం కలవలేదని ఆఫీసువాళ్లు వెనక్కి పంపేశారు. ఏక్‌టా ల్యాజ్ బేశి" అన్నాడు నాన్నతో. కాకు అంటే బాబాయ్. ఒక తోక ఎక్కువుందట.

నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫారం చూశాడు. పెదవులు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు.

"అప్పుల... సామి? ఈ అప్పులసామి ఎవుడ్రా?"

లోపల చేపలు వేపుతున్న అమ్మ చేతిలో అట్లకాడతో గుమ్మంలోకొచ్చింది. నేను నేల చూస్తున్నాను.

"నా పేరు అప్పలసామిరా, ఎదవా! పుట్టి బుద్దెరిగినాక ఎవుడికీ పైసా బాకీ లేనోడ్ని. నువ్వు ఒక్క కొమ్ముతో నన్ను ఊరందరికీ బాకీ సేసీసినావు కదరా!"

"దొంగసంతకానికి కాదేటి మీ కోపం? కొమ్ముకా?" అంది అమ్మ.

"దానికీ ఉంది, ఉండు. ముందు ఎందుకు సేసినాడో సెప్పనీ."

ఇక దాచలేక అంతా కక్కేశాను. "తేలుతోందని అబద్ధం చెప్పాను నాన్నా. మూడు నెలలుగా నావ్ కిందికే పోతోంది. మునిగిపోతామని భయమేసి..."

"కిందికి పోతందా?" నాన్న మొహం దీపం వెలిగించినట్టయింది. "మరి ఇన్నాళ్లూ తేలతంది తేలతంది అని నన్ను సంపీసినావేట్రా! ముప్పయ్యేళ్లు సరుకెక్కించినోడ్ని. నావ పైకి తేలితే ఖాళీగున్నట్టు. కిందికి దిగితే సరుకెక్కుతన్నట్టు. నెలనెలా నేనేసే డబ్బులు ఎక్కడికి పోతన్నాయో అని బెంగెట్టుకుని సచ్చిపోతన్నాను!"

నాన్న మాట నేను బెంగాలీలో చెప్పగానే ఛాతా-దా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఠీక్ బోలేఛేన్ కాకు, సరిగ్గా చెప్పారు! ధర దిగితే అదే వెయ్యికి ఎక్కువ యూనిట్లొస్తాయి. సరుకెక్కినట్టే!" అని నాన్న చెయ్యి పట్టుకుని ఊపేశాడు. (నావలు నిజంగా మునగడమూ ఉంటుంది, నాన్న లెక్క ఏ పరీక్షలోనూ నెగ్గదు. కానీ ఆ రోజు గదిలో ఉన్నవాళ్లలో పూర్తిగా తప్పుదారిలో ఉన్నది నేనొక్కణ్ణే.) నేను మాత్రం గోడకి జారబడిపోయాను. నా సంతకం చెల్లలేదు. నా తెలివితక్కువతనం చెల్లలేదు. ఆపేద్దామనుకున్నది ఆగలేదు. జీవితంలో ఒక తప్పు తప్పినందుకు అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నది లేదు.

శిక్ష ఆ సాయంత్రమే మొదలైంది. రేవులో పారేసిన లెక్క కాగితాలు తెచ్చి, వాటి వెనకవైపు తన పేరు వందసార్లు రాయమన్నాడు. తరవాతి ఆదివారం అమ్మ పేరు, ఆపైన మా ఊరి పేరు, ఆపైన ఓడల మీద చదివి గుర్తుపెట్టుకున్న ఊళ్ల పేర్లన్నీ. చదువులేనివాడనుకున్న మా నాన్న దగ్గరే నేను ఒత్తులూ కొమ్ములూ నేర్చుకున్నాను.

నాన్న రిటైరయ్యే ఏడాది, డబ్బు వెనక్కి తీసుకునే అసలైన ఫారం వచ్చింది. నాన్న సంతకం పెట్టి కాగితం నా ముందుకు తోశాడు. "తోకుందేటి సూడు." లేదు. మార్కెట్ కూడా అప్పటికి మమ్మల్ని కరుణించింది. సంత్రాగాఛిలో ఇప్పుడు మాకు రెండు గదులూ, రైళ్లు కనబడే కిటికీ ఉన్నాయి.

ఇప్పుడు నేనూ నెలనెలా కడుతున్నాను. ఆపాలంటే ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఫోన్లో ఒక్క నొక్కు చాలు. ధర పడ్డప్పుడల్లా వేలు దురద పెడుతూనే ఉంటుంది. అప్పుడు ఫోను బోర్లించి, దొరికిన కాగితం మీద "అప్పలస్వామి" అని ఒకసారి రాసుకుంటాను. దురద తగ్గుతుంది.

ఇదంతా రాసి నిన్న కిటికీ దగ్గర నాన్న చేతిలో పెట్టాను. పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు. తన గురించి ఏమైనా అంటాడేమోనని, ఆనాటి కుర్రాడిలాగే నేల చూస్తూ నిలబడ్డాను.

"తోకలన్నీ ఉండాల్సిన కాడే ఉన్నాయిరా" అన్నాడు.