బొట్టు పెట్టిన బానెట్

ఇంజను చెడిపోయిందని తెలిసి కూడా మా బావమరిది తన పాత కారును నాకు అంటగట్టాడు. కొన్న నెల తిరక్కముందే అది ఎల్బీనగర్ చౌరస్తాలో, పక్కన మా ఆవిడ కూర్చుని ఉండగా, బానెట్ కింద నుంచి ఆవిరి కక్కుకుంటూ ఆగిపోయింది. జరిగి చాలా ఏళ్ళయింది. పాత సంగతులు ఎందుకు తవ్వుతావని ఇంట్లో అందరూ అంటారు. తవ్వక తప్పని పని మొన్న ఆదివారం అతనే తెచ్చిపెట్టాడు. కొన్నాళ్ళు తిప్పిన తన కరెంటు కారును మా అమ్మాయికి అమ్ముతానని మన్సూరాబాద్‌లో మా గేటు ముందుకు తెచ్చి నిలబెట్టాడు. అమ్మాయికి బండి నచ్చింది. "నాయిన సరే అంటేనే తీసుకుంట మామా" అని మాత్రం అన్నది. చాలాకాలంగా ఖాళీగా కూర్చున్న నా కోపానికి ఆ మాటతో మళ్ళీ పని దొరికింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు మేకులు, బోల్టులు, తాళాలు అమ్మే కొట్టు ఉండేది. మోటారు విద్య నాకెవరూ నేర్పలేదు. ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకాలు తెచ్చుకుని, ఇంగ్లీషు మాటల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మిగిలింది గ్యారేజీల ముందు, వాళ్ళు విసుక్కునేదాకా నిలబడి నేర్చుకున్నాను. పాత బండి కొనాలంటే చుట్టాలందరూ నన్నే తీసుకుపోయేవారు. నేను వెంట ఉన్నానంటే అమ్మేవాడి ముఖం వాడిపోయేది. ఆ సంతోషం అబద్ధం చెప్పి దాచుకోను. కార్పెట్ లేపి వాసన చూసేవాణ్ణి. వానకాలం నీళ్ళలో మునిగిన బండి ఎన్ని అత్తర్లు కొట్టినా ముక్కిన కంపు పోదు. టైరు ఒక పక్కే అరిగితే ఎక్కడో గుద్దుకున్నదని లెక్క. ఆయిల్ మూత తిప్పితే లోపల మజ్జిగ మీగడలాంటి నురగ కనిపించిందా, ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానపడాలి. అన్నిటికన్నా ముందు, మాట కలపకుండా, బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. పొద్దున్నే బానెట్ వెచ్చగా ఉంటే మనం రాకముందే ఇంజను నడిపి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను తన రోగం తానే చెప్పేస్తుంది. అందుకే దాన్ని ముందే వేడి చేసి నోరు మూయిస్తారు. ఈ మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేవాణ్ణి. మా బావమరిది కనీసం పదిసార్లు విని ఉంటాడు.

విన్నాడు గనకే ఆ ఉపాయం పన్నాడు. బండి ఇచ్చే రోజు మమ్మల్ని తన ఇంటికి రానివ్వలేదు. సైదాబాద్‌లో గుడి దగ్గరికే రమ్మన్నాడు. పాతదైనా మన చేతికి వచ్చేటప్పుడు పూజ చేయించాలని మా ఆవిడ పట్టు. మేము వెళ్ళేసరికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. బానెట్ మీద పసుపు కుంకుమలతో ఇంత వెడల్పున స్వస్తిక్ గీసి ఉంది. బండి నడుస్తూనే ఉంది. ఇంజను ఆపమన్నాను. "పూజ నడుమల బంద్ చేస్తే మంచిగుండదు బావా. రాహుకాలం మీదికొస్తున్నది, పంతులు గారు పరేషాన్ అయితుండు" అన్నాడు. పంతులుగారు పరేషాన్‌లో ఏమీ లేరు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని పక్కవాళ్ళతో కబుర్లాడుతున్నారు. ఎంతసేపటి నుంచి నడుస్తున్నదో చూద్దామని నా చెయ్యి అలవాటు కొద్దీ బానెట్ మీదికి లేచింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏందయ్యా, బొట్టు ఇంక ఆరలే. దేవుని మీద కూడ అనుమానమేనా?" అన్నది. చెయ్యి దించుకున్నాను. ఊళ్ళో ఎందరి బళ్ళనో తడిమిన చెయ్యి, సొంత బండి దగ్గరికి వచ్చేసరికి పసుపు కుంకుమలకు లొంగిపోయింది.

చౌరస్తాలో ఆగినప్పుడు తోసిపెట్టిన ఆటోవాళ్ళు "పెద్దమనిషీ, గీ డబ్బా ఎవరు కట్టబెట్టిండ్రు నీకు?" అని నవ్వారు. మా ఆవిడ తల వంచుకుంది. బండిని వనస్థలిపురం గ్యారేజీకి లాగించాను. కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మెకానిక్ మూత తీసి చూసి, "ఇంజన్లో నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందండి. ఇది ఇవాళా నిన్నా పోయింది కాదండి. రోజూ పొద్దున్నే తెల్లపొగ వచ్చి ఉంటుంది, అమ్మినాయన చూసే ఉంటాడు" అన్నాడు. ఆ రోజు నుంచి బావమరిదిని నేను ఒకటే ప్రశ్న అడిగాను: నీకు ముందే తెలుసా, తెలియదా? బారసాలలో అడిగాను, గృహప్రవేశంలో అడిగాను, దశదినకర్మ భోజనాల దగ్గర కూడా అడిగాను. ప్రతిసారీ పప్పు కావాలా అనో, ఎండలు ముదిరినయనో మాట తప్పించేవాడు. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. క్రమంగా ఆమె తమ్ముడి ఇంటికి ఒంటరిగా వెళ్ళడం, వచ్చి ఏమీ చెప్పకపోవడం అలవాటైపోయింది.

ఇప్పుడీ కరెంటు కారు. భవిష్యత్తంతా వీటిదేనట. కావచ్చు, భవిష్యత్తు నన్నడిగి రాదు. కానీ పొగ లేదు, వాసన లేదు, చప్పుడు లేదు, ఇక దొంగను పట్టుకునేదెట్లా? అద్దంలాంటి తెర మీద బ్యాటరీ నిండా ఉందని చూపిస్తుంది. నిండా అంటే ఇప్పుడెంతో అది చెప్పదు. అడుగున ఇసుక పేరుకున్న బిందె కూడా అంచుదాకా నిండినట్టే కనిపిస్తుంది. కంప్యూటర్ తగిలించి రిపోర్టు ఇస్తారంటారు. దాన్ని తీయించేది అమ్మేవాడే కదా. రేపు డ్రైవర్ లేని కార్లు కూడా వస్తాయట. రాంగ్ సైడులో పాల క్యాన్లతో ఎదురొచ్చే బండికి అవి ఏ భాషలో దారి చెప్తాయో చూడాలని ఉంది. పాత బండ్లు మోసం చేస్తూనే దగ్గేవి, కక్కేవి, కారేవి. ఎంతో కొంత సిగ్గుండేది వాటికి.

బండి చూస్తానని కిందికి దిగాను. మా ఆవిడ, అమ్మాయి పైన బాల్కనీలోనే ఉండిపోయారు. బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నిజం చెప్పే బండైనా, అబద్ధం చెప్పే బండైనా ఇక అంతే చల్లగా ఉంటుంది కాబోలు. ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాను. స్టీరింగ్ ముందు కూర్చున్న బావమరిది ఏదో మీట నొక్కాడు. కదిలిందని కూడా తెలియకుండా వీధి చివరికి వచ్చేశాం. అతని చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. నా కోపం ముసలిదైందని తెలుసు గానీ, అది పట్టుకున్న మనిషి కూడా ముసలివాడవుతాడని ఎన్నడూ తట్టలేదు. "ఈ బండి సంగతి తర్వాత. ఆ బండి సంగతి నీకు ముందే ఎరుకనా, కాదా? అది చెప్పినంకనే బిడ్డకు అవునో కాదో చెప్త" అన్నాను. అతను అబద్ధం చెప్తాడనే నా నమ్మకం. చెప్పగానే ముఖాన విసరడానికి 'ఈ బండి వద్దు' అనే మాట నాలుక చివర పెట్టుకుని ఉన్నాను. బండిని పక్కకు ఆపాడు. ఆగినా చప్పుడు మారలేదు. స్టీరింగ్ వదలకుండా, నా వైపు చూడకుండా అన్నాడు:

"ఎరుకనే బావా. ఎన్నడడిగినా అక్క ముంగటనే అడిగితివి, ఎట్ల చెప్పాలె? ఆ దినం నువ్వు చెయ్యి లేపి మళ్ళ దించుకున్నవు సూడు, నీకు తెలిసిపోయింది, అక్క కోసం ఊకున్నవనుకున్న."